అమ్మువాని మౌనము

వస్తువు అరుగుట దోషము కాదు. సేవచేసిన వస్తువెల్ల నరుగును. రోలరుగును, గడప యరుగును, నాగటి కఱ్ఱరుగును. అరిగినదానిని క్రొత్తదని చెప్పి యమ్ముట దోషమని యెల్లవారు నంగీకరింతురు. ఈ రెంటికిని నడుమ నొక యిఱుకైన త్రోవ గలదు. వస్తువు చెడినదని అమ్మువాడెఱుగును, కొనువాడెఱుగడు, అడుగనుగూడ నడుగడు, అమ్మువాడు చెప్పడు. వాని నోటినుండి యొక్క యసత్యవాక్యమైనను వెలువడలేదు. అట్టివానిని అనృతవాది యనవచ్చునా? ఈ ప్రశ్న శాస్త్రగ్రంథములలో నెంత పాతదైనను, నేడది మన యింటిముంగిట నిలిచిన మోటారుకారులో నున్నది గనుక, అచటనే దానిని విచారింపదలచినాము.

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున, పహాడీషరీఫు దర్గాకు చేరువగా జల్‌పల్లి యను పేట గలదు. శ్రీశైలమునకు పోవు మార్గము దాని సమీపమునుండియే సాగును. ఇట్టి పేటలోని పడుచువా డొకడు పాతకారు నొకదానిని కొన్నాడనుకొందము. ఆ కారు మారుతి 800. 1983 డిశెంబరులో మొదటిది వెలువడినది మొదలు 2014 జనవరిలో తయారీ నిలిచిపోవువఱకు ఆ కారు మన మధ్యతరగతి గృహము లనేకములకు మొదటి వాహనమయ్యెను. దాని యింజను 796 ఘనసెంటీమీటరులది. పాతవాటికి ముందునకు పోవు గేర్లు నాలుగే. మన పడుచువానికి ఆ బలము చాలలేదు. ఇంజను బలమును హెచ్చింపించినాడు; చక్రములు మార్పించినాడు; పొగగొట్టము మార్పించి తన కారు వచ్చుచున్నదని వీధివీధికి తెలియునట్లు చేసినాడు. గేరుబాక్సును మాత్రము పాతదానినే యుంచినాడు. ఏలయన, అది పయికి కనబడదు. దానిని చూచి మెచ్చుకొనువాడు లేడు. రెండేండ్లు గడచినవి. ఇప్పుడు రెండవగేరు వేయునపుడు గర్రుమను చప్పుడు వచ్చుచున్నది. మూడవగేరు వేసినది వేసినట్లు నిలువక వెలుపలికి దుముకుచున్నది. కారును అమ్మివేయుదునని యాతడనుచున్నాడు. ఇచట నొక ధర్మసందేహము పుట్టవలసియున్నది. సాధారణముగా పుట్టదు.

తీర్పు చెప్పుటకు ముందు యంత్రమునందేమి జరిగినదో తెలిసికొనుట న్యాయము. గేరు మార్చునపుడెల్ల పండ్లచక్రము లొకదానినుండి యొకటి విడివడి మఱల కలియునని చాలమంది తలంతురు. నేటి కారులలో ముందునకు పోవు గేర్లచక్రములు జతజతలుగా నెల్లప్పుడును కలిసియే తిరుగుచుండును. గేరుకఱ్ఱను కదల్చినపుడు ఒక యుక్కుతొడుగు ప్రక్కకు జరిగి, కోరిన చక్రమును ఇరుసుతో ముడివేయును. ఇరుసొక వేగముతోను చక్రము వేఱొక వేగముతోను తిరుగుచుండగా ఆ ముడి పడదు. అందుకొఱకు వాని నడుమ నొక యిత్తడివలయము నుంచిరి. మెకానిక్కులు దానిని సింక్రో రింగందురు. అది చక్రమున కంటియున్న శంకువువంటి భాగము నొరసికొని, రెంటివేగములను సమానము చేసి, పిమ్మట తొడుగును పోనిచ్చును. ఈ యేర్పాటు 1928లో అమెరికాదేశపు కాడిలాక్ కారులలో మొదట వచ్చెను. అంతకుముందు కారు నడుపువాడు క్లచ్చును రెండుమారులు త్రొక్కి, చెవితో వేగమును కనిపెట్టి గేరు వేయవలసియుండెను. యంత్రము ఆ నేర్పును తనలో నుంచుకొనగా, మనుష్యుడు దానిని మఱచిపోయెను.

ఈ యిత్తడివలయము తన్ను తా నరగదీసికొనియే తన పని చేయును. దానిమీది సన్నని గీట్లరిగిపోయినపుడు పట్టు తప్పును. అప్పుడు తొడుగు పండ్లును, చక్రముప్రక్కనుండు చిన్నపండ్లును వేర్వేఱు వేగములతో నొకదాని నొకటి తాకును. మనము వినెడు గర్రుమను చప్పుడదియే. కొన్నాళ్లకు ఆ చిన్నపండ్ల మొనలు గుండ్రపడును; గుండ్రపడిన పండ్లు పట్టునిలుపజాలవు; గేరు తనంతట దుమికిపోవును. ఇంతలో ఇరుసులను మోయు బేరింగులు నరిగి యూళవేయనారంభించును. ఇది యొకనాటి వ్యాధి కాదు. ముందొక చిన్న సంకేతము, తరువాత నొక పెద్ద సంకేతము, తుదకు విరుగుడు. ప్రతి మెట్టునను యంత్రము తన యజమానునితో మాటాడుచునే యున్నది.

బలము హెచ్చించిన కారులో నీ యరుగుదల మఱింత వేగముగా సాగును. బాలుబేరింగుల విషయమున యంత్రశాస్త్రజ్ఞుల కొక లెక్క గలదు: భారము నాల్గవవంతు హెచ్చినచో బేరింగు ఆయుస్సు రమారమి సగమగును, భారము రెట్టింపైనచో ఎనిమిదవవంతగును. కూడలియొద్ద దీపము పచ్చబడినతోడనే క్లచ్చును తటాలున వదలి కారును దుమికించు వేడుక దీనికి తోడైనచో చెప్పవలసినదేమి? కారులను తయారుచేయువారు దీని నెఱుగుదురు. 2000 ప్రాంతమున మారుతి 800కు హెచ్చుబలముగల యింజనును పెట్టినపుడు దానితోపాటు అయిదుగేర్ల గేరుబాక్సు నిచ్చిరి. అంతకుముందే హిందుస్థాన్ మోటార్సువారు అంబాసిడరుకారులో ఇసుజు యింజను నమర్చినపుడు గేరుబాక్సునుగూడ మార్చి అయిదుగేర్లదానిని పెట్టిరి. మన పడుచువాడు బలమును తెచ్చుకొన్నాడు గాని బలమును మోయుదాని సంగతి తలపలేదు. మన గృహములలో మాత్ర మిట్టిది లేదా? చుట్టములు పెరిగిరి, విందులు పెరిగినవి, ఇంటిపేరు పెరిగినది అని సంతసించు యజమానుడు, వంటయింటిలో నొక యాడుదాని నడుము వంగుచున్నదని యెన్నడు చూచును? కనబడని చోటనుండి మోయువారి లెక్కను ఎవ్వరును వ్రాయరు.

అరుగుదలను తప్పుగా నెంచుట మా యభిమతము కాదు. చార్మినారునకు చేరువనున్న చౌమహల్లా ప్రాసాదములో నొక రోల్సురాయిసు కారున్నది. ఆఱవ నిజాము మహబూబలీఖాను దానిని కోరి చేయింపగా, అది 1912లో తయారయ్యెను. ఆయన 1911లోనే మరణించియుండుటచే దాని నెక్కలేదు. పిమ్మట రాజోత్సవములకు మాత్రమే వెడలుచు నది కొలదిమైళ్లే తిరిగెను. అట్టిదాని గేర్లరుగనిచో నందేమి యాశ్చర్యము? ప్రతిదినమును బిడ్డలను బడికి, రోగులను ఆస్పత్రికి, సరకులను దుకాణమునకు చేర్చిన పాతకారు గేరుబాక్సు అరిగియుండుట దాని గౌరవమే.

కారును మార్చుకొనుటయు స్వయముగా పాపము కాదు. పాతబస్తీలోనే, బహదూర్‌పురాలోని సుధాకారుల ప్రదర్శనశాలలో క్రికెట్టుబంతివంటి కారును, వంకాయవంటి కారును, ఇట్టివి మఱెన్నింటినో ఒక మనుష్యుని చేతినేర్పు నిర్మించినది. అవి తామేమో చూచువానికి దాపఱికము లేక చెప్పును. ఆ నేర్పునకు నమస్కరింపవలసినదే. రాజమార్గమున తిరుగు కారు సంగతి వేఱు. 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రము భిన్నమగునట్లు వాహనమును మార్పరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టువా రీ నియమమును దృఢపఱచిరి. అదే సంవత్సరము జరిగిన సవరణప్రకారము, అనుమతిలేని ప్రతి మార్పునకును యజమానునికి అయిదువేల రూపాయల జుల్మానాగాని, ఆఱుమాసములవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును. కావున మార్చిన కారును కొనువాడు అరిగిన గేరుబాక్సుతోపాటు ఈ చిక్కునుగూడ కొనుచున్నాడు. ఇదియు నాతనికెవరును చెప్పలేదు.

ఇప్పుడు పడుచువానిముందు ధర్మసమ్మతములైన త్రోవలు మూడున్నవి. మొదటిది, గేరుబాక్సును దింపించి విప్పించి, రింగులు, బేరింగులు, మొనపోయిన చక్రములు మార్పించి, పెంచిన బలమున కది తాళునో తాళదో తెలిసిన యుస్తాదు నడిగి, తాళదన్నచో తాళుదానిని పెట్టించుట. ఈ పనిలో నూనె సంగతిగూడ సామాన్యమైనది కాదు. వెనుక ఇరుసుల గేర్లకొఱకు చేసిన కొన్ని నూనెలలోని గంధకపుమందు ఇత్తడిరింగులను తినివేయును గనుక, తయారుచేసినవారు చెప్పిన నూనెనే పోయవలెను. రెండవది, బలమును మరల తగ్గించి, కారును దాని మొదటిస్థితికి తెచ్చి, రిజిస్ట్రేషను పత్రములోనున్నట్లే నడుపుకొనుట. అభిమానమునకు కష్టమైనను చాలమందికి మేలైన త్రోవ యిదియే. మూడవది, ఉన్నది యున్నట్లు చెప్పి, తగినంత ధర తగ్గించి, విడిభాగములకో తుక్కునకో కొనువాని కమ్ముట.

నాలుగవ త్రోవ మౌనము. దానికి కవలపిల్లవంటి త్రోవ యొకటి గలదు: కొనువాడు వచ్చుటకు ముందు గేరుబాక్సులోని నూనెను తీసి, మిక్కిలి చిక్కని నూనెను పోయుట. కొన్నాళ్లు చప్పుడు తగ్గును. పూర్వకాలమున గేరుబాక్సులలో ఱంపపుపొట్టు కలిపి చప్పుడడచెడివారని మోటారుపనివాండ్రలో నొక ప్రసిద్ధి యున్నది. ఉపాయము మారినది, ఉద్దేశము మారలేదు.

ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టుల చట్టము 17వ సెక్షను మోసమును నిర్వచించుచున్నది. తెలిసిన సంగతిని పనిగట్టుకొని మఱుగుపఱచుట మోసమేయని యందున్నది. కావున చిక్కనినూనె పోసినవాడు నోరు విప్పకున్నను మోసగాడే. ఊరకుండుట మాత్రము సాధారణముగా మోసము కాదని యా సెక్షనే చెప్పుచున్నది. అందుకుదాహరణముగా చట్టము చేసినవారు గుఱ్ఱమును తెచ్చిరి. రోగిష్ఠియని తానెఱిగిన గుఱ్ఱము నొకడు వేలములో అమ్మెను, ఏమియు చెప్పలేదు, అది మోసము కాదు. వెంటనే రెండవ యుదాహరణము: ఆ గుఱ్ఱమును కొన్నది అమ్మువాని కూతురే, ఇప్పుడిప్పుడే వయసువచ్చినది, అట్టిచో బాంధవ్యమును బట్టి చెప్పుట యాతని విధి. మూడవది: కొనువాడు, నీవు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదనియే తలంతునని చెప్పగా అమ్మువా డూరకుండెను, ఆ మౌనము మాటతో సమానము.

గుఱ్ఱము పోయి కారు వచ్చినది. ధర్మసూక్ష్మము మాత్ర మచటనే నిలిచియున్నది. చదువరులారా, ఈ రెండవ యుదాహరణమును కొంచెము నిదానించి చూడుడు. కూతురునకు చెప్పవలెను, పరాయివానికి చెప్పనక్కఱలేదు అను భేదము న్యాయస్థానమునకు చాలును. న్యాయస్థానము ప్రతివాని మౌనమునకు శిక్ష వేయబూనినచో బేరములే సాగవు. అది తన హద్దు నెఱిగి యచట నిలిచినది. మనమును అచటనే నిలువవలెనా? మన కూతురునకు చెప్పుటకు కారణమేమి? ఆమె మనలను నమ్మినది. ఆమెకు గుఱ్ఱపు లక్షణములు తెలియవు. ఆమె దానిమీదినుండి పడినచో మనకు గుండె పగులును. ఈ మూడింటిలో మొదటి రెండును పరాయివానియందును గలవు. మూడవది మాత్రమే లేదు. అనగా, పరాయివా డపాయమున పడినచో మనకు దుఃఖము కలుగదు గనుక ఊరకుండవచ్చునని మనము చెప్పుచున్నామన్నమాట. ఈ వాక్యమును బిగ్గరగా నాలుగురిలో చెప్పగలవాడెవడు? చెప్పజాలని కారణముమీద నిలిచిన యాచారము సదాచారము కాదు.

అపాయమన్నది అలంకారమునకు వాడిన మాట కాదు. జల్‌పల్లి ప్రక్కనుండి పోవు ఆ శ్రీశైలమార్గమునే తలచుకొందము. నల్లమలలో ఈగలపెంట దాటినపిమ్మట ఆనకట్టవైపు దిగు ఘాటుదారి మలుపులు మలుపులుగా నుండును. అట్టి దిగుడులో తెలిసినవాడు తక్కువగేరులో నుంచి, ఇంజనుయొక్క పట్టుచేతనే కారును నిదానముగా దింపును. బ్రేకులను కొంచెము కొంచెముగా మాత్రమే వాడును. ఆ సమయమున గేరు వెలుపలికి దుమికినచో ఇంజనుపట్టు ఒక్కక్షణములో పోవును. బండిభారమంతయు బ్రేకులమీద పడును. ఎడతెగక త్రొక్కిన బ్రేకులు కాగి పట్టు సడలును. శివరాత్రికి పిల్లలతో బయలుదేఱిన కుటుంబ మా కారులో నుండవచ్చును. వారి జీవితములకును జల్‌పల్లిలో నొకడు పలుకకున్న రెండుమాటలకును నడుమ నేమున్నది? ఒక యిత్తడిరింగున్నది. అంతే.

ఇందుకు చెప్పబడు సమాధానములు మేమెఱుగనివి కావు. కొనువాడు చూచికొనవలెనని మొదటిది. చూచికొనవలసినదే. కారు నడిపి చూచునపుడు మూడవగేరులో వేగము పెంచి, తటాలున కాలుతీసి, మరల త్రొక్కి గేరు నిలుచునో లేదో పరీక్షింపవలెను. యంత్రము చల్లగానున్నప్పుడు రెండవగేరు వేసి వినవలెను. నూనె దింపించి చూచినచో ఇత్తడిరజను మెఱయుట కనబడును. ఇవన్నియు తెలిసిన కొనువాడెందఱిలో నొక్కడు? మొదటిమారు కారు కొను గుమాస్తాయో, ఉపాధ్యాయినియో తలుపు వేసిచూచును, రంగు చూచును, కిలోమీటర్ల లెక్క చూచును. ఆ లెక్క దూరమును చెప్పును గాని ఆ దూరము నెట్లు నడిపిరో చెప్పదు. మార్చిన కారులో నా లెక్క సత్యమైనదే యైనను అసత్యమును పలుకును.

నాకు నమ్మినవాడును చెప్పలేదు, నేనేల చెప్పవలెనని రెండవ సమాధానము. ఇది అత్తచేత బాధపడిన కోడలు తానత్తయైనప్పుడు పలుకు మాటయే. ఒకని తప్పిదమును చేతులు మార్చుకొనుచు పోవుటకు ఆచారమని పేరుపెట్టిన దేశములో సంస్కారము రావలసిన దిట్టిచోటనే. గొలుసెచటనో తెగవలెను; తెగుచోట నున్నవానికి నష్టము తప్పదు. ఆ నష్టమును మొదట భరించువాడే సంస్కర్త.

నేను బీదవాడను, నిజము చెప్పినచో ధర పడిపోవునని మూడవది. దీనిని మేము తేలికగా త్రోసివేయజాలము. అప్పుచేసి కారు కొన్నవానికి కొన్నివేల రూపాయల తగ్గుదల చిన్నది కాదు. అయితే ఆ ధర తగ్గినది నిజము చెప్పుటచేత కాదు. గేరు అరిగిననాడే తగ్గినది. చెప్పకుండుటచే ఆతడు తన నష్టమును పోగొట్టుకొనలేదు. దానిని తనకంటె బీదయైన యింకొకని యింటికి పంపినాడు. పాతకారులను కొనువారు ధనవంతులు కారుగదా.

ఈ బేరములో మూడవవా డొకడున్నాడు: ఉస్తాదు. గేరుబాక్సు సంగతి యజమానునికంటె నాతనికే బాగుగా తెలియును. పాతబస్తీ పనివాండ్రలో ఉస్తాదనుమాట కెంత గౌరవమున్నదో యెఱిగినవారము. పానా పట్టుట నేర్చుకొను కుఱ్ఱవా డాతనిప్రక్క నిలిచియుండును. చిక్కనినూనె పోయుమని ఉస్తాదు చెప్పిననాడు ఆ కుఱ్ఱవాడు రెండువిద్యలు నేర్చుకొనును. రెండవది మొదటిదానికంటె త్వరగా పట్టువడును. ఈ పని నాచేత కాదు, కావలసినచో రింగులు మార్చెదను అని యుస్తాదన్ననాడు ఆ కుఱ్ఱవానికి జీవితకాలమునకు సరిపడు పాఠము దొరకును. చదువుకొన్న మన మా పనివానిని సత్యము చెప్పినందులకు మెచ్చుకొందుమా, లేక పని త్వరగా, చవుకగా చేయలేదని వేఱొకనియొద్దకు పోవుదుమా? పనివాని నీతి సగము మన చేతిలోనే యున్నది.

గృహములందు చేయదగినది కష్టమైనదేమియు కాదు. కొడుకు కారు బలమును పెంచుటకు డబ్బడిగినపుడు, ఆ బలమును మోయువానికి, ఆపువానికి, అనగా గేరుబాక్సునకును బ్రేకులకును ఎంత యుంచినావని తల్లియో తండ్రియో యడుగవచ్చును. చట్టము సమ్మతించునా యని యడుగవచ్చును. కారు అమ్మునపుడు ఒక కాగితముమీద, ఏమేమి మార్చితిమి, ఏమేమి బాగుచేయించితిమి, ఏది చెడియున్నది అని వ్రాసి, సంతకము చేసి, తాళపుచెవితోపాటు కొనువాని చేతిలో నుంచవచ్చును. ఆ కాగితమునకు చట్టము నిర్బంధింపదు గనుకనే దానికి విలువ.

మొదట వేసిన ప్రశ్నకు మా యుత్తరమిది. తనకు తెలిసి, ఎదుటివానికి తెలియక, తెలియనందువలన వానికి కీడు కలుగునని యెఱిగియు ఊరకుండువాడు అనృతవాదియే. నాలుకకు బదులు కొనువాని యజ్ఞానముచేత నసత్యము పలికించినాడు, అంతియే భేదము. రెండవగేరు గర్రుమనును, మూడవది నిలువదు, ఇంజను మార్పు పత్రములో లేదు. ఈ మూడు మాటలు చెప్పుటకు ఊపిరి తీసికొనునంత సేపు చాలును. అవి చెప్పిన తరువాతను కొనువాడు కొనినచో, ఆ కారు శ్రీశైలపుఘాటు దిగు రాత్రి జల్‌పల్లిలోని యమ్మినవాడు నిదురపోగలడు.